కుర్చీ లేని గది

"నిద్రపోయానండీ" అంది ఆమె, నాలుగోసారి.

అబద్ధాల మీద నాకు పగేం లేదు. ఇన్నేళ్లుగా నా పొట్ట నింపుతున్నవి అవే. కానీ అబద్ధం చెప్పడం చేతకాని వాళ్లు పట్టుబట్టి చెబుతుంటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఈమె ఆ చేతకాని రకం. నిద్రపోయానన్న ప్రతిసారీ కళ్లు ఇంతింత చేసుకుని నన్ను చూస్తోంది.

స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఆనుకుని ఇన్‌స్పెక్టరు. ఇతను ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. చొక్కా మడత చెదరకుండా దొంగని పట్టుకు రాగలడు కాబట్టి అప్పట్లోనే ఇస్త్రీ అని పేరు పెట్టాం. నన్ను జలగ అనేవాళ్లు. నేను ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నా ఆ పేరు నన్ను వదల్లేదు.

బల్లకి అవతల ఉన్నది చచ్చిపోయినవాడి కూతురు. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం, నెమ్మదైన గొంతు. తండ్రి అందుకు పూర్తిగా భిన్నం. పాత బళ్లూ సామాన్లూ అమ్మే యార్డులో ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటూ వేలంపాట పాడి రిటైరైన మనిషి. యార్డులో, వీధిలో, చివరికి ఇంట్లో కూడా అందరూ ఆయన్ని మూడోసారి అనే పిలిచేవాళ్లు. గుండె కవాటం పాడైతే ఆపరేషన్ చేయించుకుని, కూతురి దగ్గర కోలుకుంటూ, మొన్న రాత్రి మంచం మీద ప్రాణం వదిలాడు. పోస్ట్‌మార్టంలో గుండె బాగుందన్నారు, కొత్త కవాటం ఇంకా బాగుందన్నారు. చావుకి కారణం ఊపిరాడకపోవడం అని రాశారు. ఇంట్లో ఉన్నది తండ్రీ కూతురూ ఇద్దరే. ఇక ఇస్త్రీ పెద్దగా బుర్ర చించుకోలేదు. కూతురు దిండుతో నొక్కి చంపిందన్నాడు. ఈ సాయంత్రం ఆమెని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టబోతున్నాడు. ఆమె భర్త లారీ డ్రైవరు, రెండు రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్నాడు. నాకు ఫోన్ చేసి ఏడ్చింది అతనే.

"మీ పక్క వాటాలో దర్జీ ఉన్నాడు కదా" అన్నాను. "ఆ రాత్రి మీ నాన్న గొంతు విన్నానన్నాడు. కూర్చోబెట్టమ్మా, కూర్చోబెట్టమ్మా అంటున్నాడట. గోడ అవతల ఉన్నవాడికి వినపడింది. తలుపు అవతల ఉన్న నీకు వినపడలేదా?"

ఆమె చూపు బల్ల మీదికి దించింది.

"చెవుడేమైనా ఉందా నీకు?"

"లేదండీ."

"మరి?"

"వినపడింది" అంది.

"వెళ్లావా?"

"లేదు."

ఎందుకు వెళ్లలేదని మూడు రకాలుగా అడిగాను. మెత్తగా అడిగాను, గద్దించి అడిగాను, నీ తండ్రేనా అసలు అని కూడా అడిగాను. ఆ చివరి మాట అన్నందుకు నాకు సిగ్గేమీ లేదు, సిగ్గుపడితే ఈ పని చెయ్యలేం. ఆమె మాత్రం బల్ల మీద గోటితో గీసుకుంటూ కూర్చుంది. వెనక నుంచి ఇస్త్రీ చిన్నగా దగ్గాడు.

"థాంక్స్ మేడమ్. నిన్నటి నుంచీ ఆ ఒక్క మాట రాబట్టడం మా చేత కాలేదు. మా పని మీరే చేసిపెట్టారు."

నా క్లయింటుని నేనే ముంచానని అతని సంబరం. మునిగేదేదో తేలేదేదో సాయంత్రానికి చూద్దాం అనుకుని, ఆ ఇంటి తాళాలు అడిగాను. ఇవ్వనన్నాడు. పై అధికారి నాకు ఇంకా ఫోన్ చేస్తుంటారని గుర్తుచేస్తే, తాళాలతో పాటు తను కూడా వచ్చాడు.

అది రెండు గదుల వాటా. లోపలి గది తండ్రిది. కిటికీ పక్కగా ఇనప మంచం, కొత్త పరుపు, ఒక బీరువా, గోడకి గడియారం. మంచం తలవైపు బల్ల మీద మూడు బంతుల ప్లాస్టిక్ పెట్టె ఉంది. గుండె ఆపరేషన్ అయినవాళ్లందరికీ ఇస్తారు దాన్ని. గొట్టంలో నోరు పెట్టి గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. ఒక బంతి లేస్తే అంతంత మాత్రం, మూడూ లేస్తే ఊపిరి బాగా వచ్చినట్టు. గొట్టం కొస చూశాను. పళ్లతో కొరికి కొరికి అంచు పిప్పి చేసి ఉంది. పాపం, ఆ మనిషి కష్టపడ్డాడు.

ఇస్త్రీ తన కథ చెప్పాడు. గుండె ఆపరేషన్ అయినవాళ్లు దగ్గేటప్పుడు రొమ్ముకి దిండు హత్తుకుంటారు, ఆసుపత్రిలోనే నేర్పిస్తారు. ఈయన ఒళ్లో అలా దిండు ఉండి ఉంటుంది. కూతురు అదే లాక్కుని మొహం మీద పెట్టి నొక్కింది. తర్వాత బీరువా మీద దాచింది. పెనుగులాటలో ఆయన గోళ్లలో దారాలు ఇరుక్కున్నాయి.

"గాటు ఎక్కడ పెట్టారో చూశావా?" అని అడిగాను.

"రొమ్ము మీద."

"శవాన్ని చూశావా, కాగితం చూశావా?"

అతను కాగితమే చూశాడు. నేను పొద్దున్నే మార్చురీకి వెళ్లి వచ్చాను. ఆయన రొమ్ము ఎముకని ఎవరూ ముట్టుకోలేదు. కుడి రొమ్ము కింద పక్కటెముకల మధ్య అరచేతి వెడల్పు కూడా లేని గాటు, అంతే. పక్కన కోయించుకున్నవాడు దగ్గేటప్పుడు రొమ్ముకి దిండు హత్తుకుని ఏం చేస్తాడు? నొప్పి ఎక్కడుంటే అక్కడ అదుముకుంటాడు. అదుముకోవడానికి వాడింది కూడా ఆ గదిలోనే ఉంది. కిటికీ గట్టు మీద గుండ్రంగా చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసిన తువ్వాలు. ఒక వైపు చెమటతో పసుపు పచ్చగా మారి ఉంది.

ఇక బీరువా మీది దిండు. దాన్ని వాళ్లు సంచిలో వేసి సీలు చేసేశారు. ఫోటో మాత్రం చూపించాడు. ఉతికిన గలీబు తొడిగి, రెండు మడత దుప్పట్ల మీద నీటుగా పెట్టి ఉంది. తండ్రిని చంపిన చేతులతో అంత నీటుగా సర్దే మనిషైతే, గోడ అవతల అంతా విన్న ఆ దర్జీ గొంతు కూడా నొక్కి ఉండేది. దాని మీద ఉమ్మి మరక లేదని అతనే ఒప్పుకున్నాడు. అంటే దిండు ఆయన బతికి ఉండగానే, పడుకోబెట్టే ముందే తీసి పైన పెట్టారు. దిండు లేకుండా, తల పరుపుకి ఆనేలా చదునుగా పడుకోబెట్టారు.

"గోళ్లలో దారాలు ఏ రంగు?" అని అడిగాను.

"నీలం. ఆమె చీరవి."

నేను కిటికీ తెర పట్టుకుని చూపించాను. అదీ నీలమే. కింది అంచు చీలిపోయి ఉంది, పైన మూడు రింగులు కడ్డీ నుంచి ఊడి వేలాడుతున్నాయి. మొహం మీద దిండు పెట్టి నొక్కుతుంటే ఎవడైనా పైనున్న చేతుల్ని రక్కుతాడు. ఆమె చేతులు నేను గంటసేపు చూశాను, గీత కూడా లేదు. ఈ మనిషి పైకి చెయ్యి చాపలేదు. పక్కకి చాపి, తెర పట్టుకుని, దాని ఆసరాతో లేచి కూర్చోబోయాడు. లేవలేకపోయాడు. అంతే.

ఇస్త్రీకి కోపం వచ్చింది. నిన్ననే తను చూసిన గదిని నేను మళ్లీ చూసినందుకు వచ్చిన కోపం అది. "పడుకుంటే చచ్చిపోతారా మేడమ్ ఎవరైనా? నేను రోజూ పడుకుంటున్నాను" అన్నాడు.

"నువ్వు నిలబడి కూడా నిద్రపోతావు. ఇటు రా."

మంచానికి ఎదురుగా, కిటికీకి రెండో పక్క, గోడ మీద కూర్చున్న మనిషి తల ఎత్తులో నూనె మరక ఉంది. కొన్ని వారాల పాటు తల ఆనితేనే పడే మరక. దాని కింద గచ్చు మీద నాలుగు గుండ్రటి గుర్తులు, వాటి లోపల దుమ్ము లేదు. బరువైన కుర్చీ ఒకటి అక్కడ ఉండేది. మంచం మీద పరుపు చూస్తే నడుం భాగంలో ఇంతైనా కుంగలేదు. మూలల్లో దుకాణం వాడి ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా పూర్తిగా చింపలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఆయన కుర్చీలోనే నిద్రపోయాడు. మంచం మీద ఆయన పడుకున్నది ఒక్క రాత్రే.

ఆ కుర్చీ ఏమైందని అడిగాను. ఇస్త్రీ మొహం తెల్లబోయింది. గదిలో లేని వస్తువుని ఎవరు రాసుకుంటారు? దర్జీని పిలిచి అడిగితే, ఆ సాయంత్రం ఆసుపత్రి బండి వచ్చి తీసుకెళ్లిందన్నాడు. వెనక్కి వాల్చుకునే అద్దె కుర్చీ. ఆసుపత్రి వాళ్లదే.

ఆసుపత్రికి వెళ్తే, ఆపరేషన్ చేసిన పెద్ద డాక్టరు నన్ను వెంటనే లోపలికి పిలిచాడు. తెలివైనవాడు. నవ్వు కూడా బాగుంది. ఆయన పేరు చెబితే ఊళ్లో సగం మంది గుండె మీద చెయ్యి వేసుకుని దండం పెడతారు. కుర్చీ గురించి అడిగితే, అద్దె గడువు తీరిన సామాను స్టోరు వాళ్లే తెచ్చుకుంటారని చెప్పి, అడగకుండానే పాఠం మొదలుపెట్టాడు. గుండె దాకా వెళ్లడానికి రెండు దారులట. పాత దారిలో రొమ్ము ఎముకని రంపంతో నిలువునా కోసి, రెండు పక్కలకి విడదీసి, పని అయ్యాక తీగతో బిగిస్తారు. ఎముక అతుక్కునేదాకా దగ్గు వస్తే నరకమే. ఆ భయంతో రోగి గట్టిగా ఊపిరి తీయడు. తీయకపోతే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుంది, కఫం నిలబడుతుంది, ఉన్న ఊపిరి సగానికి పడిపోతుంది. తన దారి వేరు. కుడి పక్కన చిన్న గాటు పెట్టి, పని జరిగినంతసేపు కుడి ఊపిరితిత్తిని గాలి తీసి పక్కకి నెట్టి, తర్వాత మళ్లీ ఊదుతాడు. ఎముక జోలికి పోడు. రోగి తొందరగా లేస్తాడు, ఊపిరి తొందరగా వస్తుంది.

వచ్చేవారం పెద్ద సభ ఉందట. అక్కడ రెండు పద్ధతుల్లో ఎవరి ఊపిరి ఎంత త్వరగా కోలుకుందో పోల్చి చూపిస్తాడట. గోడ మీద ఆ బొమ్మ తగిలించి ఉంది. పాత పద్ధతి గీత నేల మీద పాకుతోంది, తన గీత హాయిగా కొండెక్కుతోంది.

"ఇందులో మా మూడోసారి ఎక్కడున్నాడు?" అని అడిగాను.

"లేడు. చనిపోయినవాళ్లని పోలికలోకి తీసుకోం" అన్నాడు, అదే నవ్వుతో.

గోడ మీది గీతని మళ్లీ చూశాను. బతికి ఉండి ఊపిరి రానివాడు ఆ గీతని కిందికి లాగుతాడు. చచ్చినవాడు లాగడు. ఆయనకి నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను. అలాంటి వాళ్లతో పోట్లాటకి దిగే ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

అది దొరికింది కింది అంతస్తులో. అక్కడ పొడుగాటి హాల్లో పాతికమంది వరసగా కూర్చుని గొట్టాలు పీలుస్తున్నారు, బంతులు టకటకమంటున్నాయి. వాళ్ల మధ్య తిరుగుతూ ఇంకొంచెం, ఇంకొంచెం అంటున్న సన్నటి మనిషి ఫిజియోథెరపిస్టు. రోగులు అతన్ని ఊపిరి మాస్టారు అంటారు. మూడోసారి పేరెత్తగానే చేతిలో ఉన్న గొట్టం కింద పడేశాడు. అతన్ని సామాన్ల గదిలోకి తోసి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"ఆయన మంచం మీద పడుకోలేడని నీకు తెలుసు. ఎలా తెలుసో చెప్పు."

మొదట తెలియదన్నాడు. ఆ గదిలో వాల్చుకునే కుర్చీలు ఆరు ఉన్నాయి, ఒకదాని తలవైపు తలనూనె మరక ఉంది. అతని తల పట్టుకుని ఆ మరక వాసన చూపించాను. అప్పుడు చెప్పాడు.

ఆసుపత్రిలో ఉండగా రోజూ రోగుల చేత ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టిస్తాడు. మూడోసారి ఒకప్పుడు గుక్కతిప్పుకోకుండా వేలం పాడిన మనిషి. కూర్చుంటే పదిహేను దాకా వచ్చేవాడు. పడుకోబెట్టి లెక్కపెట్టమంటే నాలుగు దాటేవాడు కాదు. పడుకున్నప్పుడు గాలి తీస్తుంటే పొట్ట పైకి లేవాల్సింది పోయి కుడివైపు లోపలికి పోయేది. దాని అర్థం అతనికి తెలుసు. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఒక కండరం ఉంటుంది. అది దిగితేనే గాలి లోపలికి వస్తుంది. దాన్ని ఆడించే నరం గుండె సంచికి ఆనుకునే దిగుతుంది. పక్క నుంచి గాటు పెట్టి గుండె సంచిని దారంతో పట్టి లాగేటప్పుడు ఆ నరం మీద కుట్టు పడితే, ఆ వైపు గొడుగు చచ్చిపోతుంది. కూర్చుంటే ఎలాగో నెట్టుకొస్తారు. పడుకుంటే కడుపులోవన్నీ పైకి ఎక్కి ఊపిరితిత్తిని నొక్కేస్తాయి.

"అందరికీ ప్రాణం పోదు మేడమ్. రెండో ఊపిరితిత్తి ఆదుకుంటుంది" అన్నాడు.

"ఈయనకి ఆదుకోలేదా?"

"ఎడమది ఎప్పుడో చిన్నప్పుడే జబ్బు చేసి ఎండిపోయింది. ఉన్నది కుడిదొక్కటే. ఈయనకి మధ్య నుంచి కొయ్యండి సార్, పక్క పద్ధతి వద్దు అని వాళ్ల ఫ్యామిలీ డాక్టరు ఉత్తరం కూడా పంపాడు."

"మరెందుకు కోశాడు?"

"సభకి ఇంకో పేషెంటు కావాలి మేడమ్."

ఈ విషయం అతను పెద్ద డాక్టరుకి చెప్పాడు. ఆయన నోరు మూసుకోమన్నాడు, ఇతను మూసుకున్నాడు. కానీ మూడోసారి నోరు మూసుకునే రకం కాదు. తన ఊపిరి ఎక్కడికి పోయిందో తేల్చుకుంటానని వేరే ఆసుపత్రిలో పరీక్షకి రోజు తీసుకున్నాడు. ఎక్స్‌రే ముందు నిలబెట్టి ముక్కు ఎగపీల్చమంటారు, కండరం కదులుతోందో లేదో తెర మీద కనపడిపోతుంది. ఆ పరీక్ష నిన్న జరగాలి. మొన్న రాత్రి పోయాడు. ఆ పరీక్షకి బతికున్న మనిషి కావాలి. చచ్చినవాడికి ఏ కండరమూ కదలదు కాబట్టి పోస్ట్‌మార్టం డాక్టరుకి అనుమానమే రాదు.

"మొన్న సాయంత్రం నీ ఫోన్ నుంచి కూతురికి కాల్ వెళ్లిందని ఆమె ఫోన్లో చూశాను. ఏం చెప్పావు?"

"కుర్చీ కోసం బండి వస్తుంది, ఇచ్చెయ్యండి అన్నాను. పెద్ద డాక్టరు గారు పక్కనే నిలబడి చెప్పించారు. తర్వాత ఫోన్ ఆయనే తీసుకుని బయటికి వెళ్లి మాట్లాడారు."

"ఏం మాట్లాడాడు?"

"తెలీదు మేడమ్."

"తెలుసుకోవాలనిపించలేదా?"

అతను ఏడుపు మొదలుపెట్టాడు. పిల్లలున్నారు నాకు అన్నాడు. మూడోసారికీ ఒక పిల్ల ఉంది, ఇప్పుడు స్టేషన్లో ఉంది అన్నాను. ఇలాంటి ఏడుపులు నన్ను కరిగించవు. చేతులు కట్టుకుని చూస్తూ నిలబడినవాడు చేసినవాడికంటే తక్కువేం కాదు. కాకపోతే చట్టం అలా అనదు. అతన్ని స్టేషన్‌కి లాక్కొచ్చి కూర్చోబెట్టాను.

ఇస్త్రీ అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా ఎగతాళి చెయ్యలేదు, అదే నాకు నచ్చలేదు. శవాన్ని ఆపించు, గుండె పక్క నరం మీద కుట్టు ఉందో లేదో మళ్లీ చూడమను అని అడిగాను. ఆసుపత్రి వాళ్లే బండి కూడా పంపారని, గంటలో శవాన్ని దహనానికి తీసుకుపోతారని అప్పుడు చెప్పాడు.

"ఎవరు సంతకం పెట్టారు?"

"నేనే."

"నీ బుర్ర కూడా ఇస్త్రీ చేయించావురా. ఒక్క మడత మిగల్లేదు."

"తిట్టండి మేడమ్, అలవాటే. ఆపుతాను. కుట్టు కూడా దొరుకుతుందనుకోండి. అది పొరపాటు అంటాడు. పొరపాటుకి ఉరి వెయ్యరు. కుర్చీ అంటే గడువు తీరింది అంటాడు. ఫోన్లో ఏమన్నాడో ఈ మాస్టారుకి తెలీదు. తెలిసింది ఆ కూతురికి ఒక్కదానికే, ఆమె నోరు విప్పదు." కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "విప్పినా చిక్కే. చదునుగా పడుకోబెట్టడం వల్లే చచ్చిపోయాడని మీరు నిరూపిస్తే, కోర్టు ఇంకో ప్రశ్న అడుగుతుంది. పక్క గదిలో వింటూ ఉన్న మనిషి వెళ్లి కూర్చోబెడితే బతికేవాడు కదా అని. అవునంటే ఈమె గతి ఏంటి? కాదంటే, ఎలాగూ పోయేవాడే అని ఆ డాక్టరు ఇంటికి పోతాడు."

ఇతన్ని నేను తెలివితక్కువవాడని ఎప్పుడూ అనుకోలేదు. బద్ధకస్తుడని అనుకున్నాను. రెండింటికీ తేడా ఆ నిమిషంలో బాగా తెలిసింది. అతను శవం బండికి ఫోన్ చేసి ఆపించాడు. ఇద్దరం వెనక గదిలోకి వెళ్లాం.

ఆమె పొద్దున కూర్చున్నట్టే కూర్చుని ఉంది. తెచ్చి పెట్టిన మంచినీళ్లు కూడా ముట్టలేదు. నిద్రపోయానని చెప్పమన్నది ఎవరని అడిగాను. మళ్లీ గోటితో బల్ల గీయడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు తెలిసిందంతా వరసగా చెప్పాను. ఎండిపోయిన ఎడమ ఊపిరితిత్తి గురించి, నరం మీద కుట్టు గురించి, నాలుగు దాటని లెక్క గురించి, గోడ మీద కొండెక్కే గీత గురించి చెప్పాను. మీ నాన్న చేసింది మొండితనం కాదు, పడుకుంటే నిజంగానే ఆయనకి ఊపిరి అందదు, అది తెలిసినవాడే కుర్చీ తీయించాడు అన్నాను. మెత్తగా చెప్పడం నాకు రాదు. రాసుకున్న వార్త చదివినట్టు చెప్పాను.

ఆమె మొహంలో ఒక్కొక్కటే అర్థమవుతూ రావడం చూశాను. అదేమీ చూడదగ్గ దృశ్యం కాదు. చివరికి తలెత్తి ఒకే ఒక్క మాట అడిగింది.

"నేను వెళ్లి లేపి కూర్చోబెట్టి ఉంటే బతికేవాడా?"

ఇస్త్రీ ఆమె వెనక నిలబడి నా వైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు. వద్దు, చెప్పకండి అని. ఇన్నేళ్లలో అతను నన్ను బతిమాలడం అదే మొదలు. నాకూ అబద్ధం చెప్పాలనే అనిపించింది. నాకు అబద్ధం చెప్పడం వచ్చు, నమ్మేలా చెప్పగలను. ఎలాగూ పోయేవాడే తల్లీ అంటే ఈమె ఈ రాత్రికి నిద్రపోతుంది. కానీ ఆ మాట నా నోట వచ్చిందంటే రేపు పెద్ద డాక్టరు లాయరు దాన్నే నెత్తిన పెట్టుకుని ఊరేగుతాడు. ఆ డాక్టరు రేపు ఇంకో రోగి కుర్చీ తీయిస్తాడు.

"బతికేవాడు" అన్నాను.

ఆమె ఏడవలేదు. రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించి, వాటినే చూస్తూ ఉండిపోయింది. బయట ఎవరో కానిస్టేబులు సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు వినిపించింది.

"రాసుకోండి" అంది తర్వాత.

ఇస్త్రీ కూర్చుని కాగితం తీశాడు. నిద్రపోయానని చెప్పమన్నది డాక్టరుగారేనంది. నిన్న పొద్దున్నే తను కబురు చేస్తే ఇంటికి వచ్చి, మీ నాన్న పిలిచినట్టు ఎవరితోనూ అనకు, నీ మెడకే చుట్టుకుంటుంది అన్నాడట. తన మంచికే చెబుతున్నాడనుకుంది. ఆపరేషన్ చేసి నాన్నని బతికించిన మనిషి కదా అనుకుంది. ఫోన్లో ఏమన్నాడని ఇస్త్రీ అడిగాడు.

"కుర్చీలో పడుకోవడం చెడ్డ అలవాటు అన్నారు. పడుకోకపోతే ఊపిరితిత్తి తెరుచుకోదు, నిమ్ము చేసి పోతాడు అన్నారు. నిద్రమాత్ర సగం కాదు, ఒకటి వెయ్యమన్నారు. దిండు కూడా తీసెయ్యమన్నారు."

"ఇంకా?"

"పిలుస్తాడు అన్నారు. మొదటి రాత్రి అందరూ పిలుస్తారు, జాలిపడి వెళ్లావంటే నువ్వే చంపినదానివి అవుతావు అన్నారు. తలుపు వేసుకో, ఎంత పిలిచినా వెళ్లకు, కాసేపటికి తనే ఊరుకుంటాడు అన్నారు."

ఇస్త్రీ కలం ఆగిపోయింది. చావు ఎలా వస్తుందో ముందే చెప్పిన మనిషి దాన్ని పొరపాటు అని ఏ కోర్టులోనూ అనలేడు. అది మా ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అయినా ఎవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. వాంగ్మూలం సగంలో ఆపకూడదు కాబట్టి, అతను రాయడానికి అవసరమైన ఆ ప్రశ్న అడిగాడు.

"ఊరుకున్నాడా?"

"ఊరుకున్నాడండీ. డాక్టరుగారు చెప్పినట్టే" అంది ఆమె. "హమ్మయ్య అనుకున్నాను."